మూసే ముందు చూపించండి: మట్టి పని కాంట్రాక్టర్లకు ఒక ఇంటి యజమాని బహిరంగ లేఖ

గౌరవనీయులైన మట్టి పని కాంట్రాక్టర్లకు, జేసీబీ, పొక్లెయిన్ యజమానులకు, ఆపరేటర్లకు నమస్కారాలు.

పునాది గోతులకు, నీటి సంపులకు, సెప్టిక్ ట్యాంకులకు, పైపుల కాలువలకు, ఇంటి చుట్టూ నేల చదును చేయించుకోవడానికి మిమ్మల్ని పిలిచే ఎందరో ఇంటి యజమానుల్లో నేనూ ఒకడిని. రోడ్లు, ఆనకట్టల వంటి పెద్ద పనుల్లో మీ మీద ఇంజనీర్ల పర్యవేక్షణ ఉంటుంది, కొలతల పుస్తకం ఉంటుంది, మట్టి పరీక్షలు ఉంటాయి. మా ఇళ్ల దగ్గర అవేవీ ఉండవు. ఉన్నదల్లా మీ మాట, దాని మీద మా నమ్మకం. అందుకే మిమ్మల్ని ఒక్క విషయం అడగదలచి ఈ లేఖ రాస్తున్నాను: తవ్విన దానిని మట్టితో గాని కాంక్రీటుతో గాని మూసే ముందు మమ్మల్ని పిలిచి చూపించండి.

మేస్త్రీ కట్టిన గోడ వంకరగా ఉంటే మా కంటికి కనిపిస్తుంది. వడ్రంగి బిగించిన తలుపు సరిగా పడకపోతే ఆ రోజే తెలిసిపోతుంది. మీ పని మాత్రం పూర్తయిన రోజునే కనుమరుగవుతుంది. అది బాగా జరిగిందో లేదో తేలడానికి ఒకటి రెండు వర్షాకాలాలు గడవాలి, అప్పటికి మీ యంత్రం ఎక్కడో మరో పనిలో ఉంటుంది, మా దగ్గర మిగిలేది గోడ మీద పగులు ఒక్కటే.

ఇది నాకు జరిగింది. మా ఇంటికి ఒక పక్కన రెండు గదులు కలపాలనుకుని తవ్వకానికి ఒక కాంట్రాక్టరును కుదుర్చుకున్నాను. యంత్రం కొత్తది, అడిగిన ధర తక్కువ, మరునాడే వస్తానన్నాడు. అంతకు మించి నేను ఏమీ విచారించలేదు. ప్లానులో పునాది లోతు ఒకటిన్నర మీటర్లు. ఒక మూలన ఆపరేటరు పొరపాటున దాదాపు అర మీటరు ఎక్కువ లోతుకు పోయాడు. లోతు చూసి చెప్పే మనిషి పక్కన లేనప్పుడు అలాంటి పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, దానికి నేను ఆయనను నిందించను. ఆ తర్వాత చేసిన పనే నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. గట్టున పోసిన మట్టినే తిరిగి ఆ గుంటలోకి తోసి, యంత్రం ముందుండే తవ్వే బకెట్ వెనక భాగంతో నాలుగు దెబ్బలు వేసి, నీళ్లు చల్లి మట్టం కలిపేశారు. మరునాడు ఉదయం నేను చూసేసరికి అడుగంతా ఒకే మట్టంలో, ఒకే రంగులో ఉంది. మధ్యాహ్నానికి దాని మీద కాంక్రీటు పడింది. రెండో వర్షాకాలం వెళ్లాక ఆ మూలన కిటికీ అంచు నుంచి ఏటవాలుగా పగులు మొదలై, చూస్తుండగానే వేలు దూరేంత అయింది. ఇంజనీరు సలహా మీద పునాది పక్కన గొయ్యి తీయించి చూస్తే, కాంక్రీటు కింద చేతివేళ్లతో గీరితే రాలిపోయే వదులు మట్టి, అందులో ఒక చిరిగిన సిమెంటు సంచి ముక్క కనిపించాయి. ఆ మూలకు కింద నుంచి విడతలు విడతలుగా కాంక్రీటు నింపి నిలబెట్టడానికి అయిన ఖర్చు, మొదట మొత్తం తవ్వకానికి ఇచ్చిన దానికి ఎన్నో రెట్లు.

తరతరాలుగా కదలకుండా పడి ఉన్న నేలలో రేణువులు ఒకదానినొకటి పట్టుకుని ఉంటాయని, ఒకసారి బకెట్ తగిలి ఆ పట్టు పోయాక ఎంత తొక్కినా బకెట్ దెబ్బలతో అది తిరిగి రాదని, నీరు దిగినప్పుడు ఆ మట్టి కుంగుతుందని మీకు నేను చెప్పనక్కరలేదు. పునాది కింద ఎక్కువ తవ్విన చోటును మట్టితో కాక, సిమెంటు తక్కువగా కలిపిన కాంక్రీటుతో నింపాలన్నది ఈ పనిలో ఉన్నవారందరికీ తెలిసిన నియమమే. ఆ సాయంత్రం ఒక్క ఫోన్ చేసి, ‘ఈ మూలన అర మీటరు ఎక్కువ పోయింది, కాంక్రీటు నింపాలి’ అని చెప్పి ఉంటే సగం రోజు ఆలస్యంతో, కొన్ని బస్తాల సిమెంటుతో అది ముగిసేది, ఆ ఖర్చు నేనే సంతోషంగా పెట్టుకునేవాడిని.

చూపించడం అన్నది తవ్వకం ముగిశాక మొదలయ్యేది కాదు, ధర చెప్పే రోజునే మొదలవ్వాలి. ఫోన్‌లో పొడవు, వెడల్పు, లోతు విని అక్కడికక్కడే ధర చెప్పేసేవారు మీలో చాలామంది ఉన్నారు. దయచేసి వచ్చి స్థలం చూడండి. యంత్రం లోపలికి రావడానికి దారి ఎంత ఉంది, బూమ్, అంటే యంత్రం పొడవాటి చెయ్యి, ఎత్తితే పైన కరెంటు తీగలు తగులుతాయా, వాన నీరు ఎటు నుంచి ఎటు పోతోంది, తీసిన మట్టిని ఎక్కడ పోయాలి అన్నవి స్థలంలో నిలబడి చూస్తే తప్ప తెలియవు. మీటరు వెడల్పు దారి ఉన్న చోటికి చిన్న ఎక్స్‌కవేటరు కావాలి. అక్కడికి పెద్ద యంత్రాన్ని తెస్తే ముందు మా ప్రహరీ గోడ పోతుంది. వీలైతే పునాది లోతుకు కొంచెం దిగువ వరకూ ఒక చిన్న పరీక్ష గొయ్యి తీసి, పొర పొరకూ మట్టి ఎలా మారుతోందో మాకు చూపించండి. పైన మెత్తగా ఉండి కింద రాయి తగిలే నేలలు ఉన్నాయి, పైన గట్టిగా కనిపించి కింద ఎప్పుడో చెత్త పోసి పూడ్చిన నేలలూ ఉన్నాయి. నల్లరేగడి వంటి బంకమట్టి అయితే తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకుపోతుంది కనుక తవ్విన గోతిని ఎండకు, వానకు రోజుల తరబడి వదిలేయకూడదు. అలాంటి చోట చివరి 15 సెంటీమీటర్లను కాంక్రీటు పోసే రోజు వరకూ ఉంచి, అప్పుడు చేతితో తీయించడం మంచిది. ఆ పరీక్ష గోతికి అయ్యే ఖర్చు యజమానే భరించాలి. ఉచితంగా చేయమని అడగడం న్యాయం కాదని నా అభిప్రాయం.

నేలలో మట్టితో పాటు మనుషులు పాతిన గొట్టాలు, తీగలు కూడా ఉంటాయి. అమెరికాలో తవ్వే ముందు 811కు ఫోన్ చేస్తే ఆయా సంస్థలు వచ్చి తమ లైన్లను రంగులతో గుర్తిస్తాయి: కరెంటుకు ఎరుపు, గ్యాసుకు పసుపు, సమాచార తీగలకు నారింజ, తాగునీటికి నీలం, మురుగుకు ఆకుపచ్చ. భారతదేశంలో ఇదే అవసరానికి 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ (తవ్వే ముందు పిలవండి) అనే యాప్‌ను ప్రారంభించారు. అయితే ఇలాంటి ఏర్పాటు ఉన్నచోట కూడా రెండు విషయాలు మరవకూడదు. నేల మీద గీసిన గీత లైను ఎటు పోతోందో చెబుతుంది గాని ఎంత లోతులో ఉందో నమ్మకంగా చెప్పదు కాబట్టి, ఆ గీతకు ఇరువైపులా అర మీటరుకు పైగా స్థలంలో బకెట్ ఆపి పారతో, గునపంతో జాగ్రత్తగా తవ్వి లైనును కంటితో చూడాలి. రెండోది, ప్రహరీ లోపల మేము వేయించుకున్న బోరు మోటారు తీగ, తోట పైపు, పాత సెప్టిక్ ట్యాంకు ఏ సంస్థ రికార్డులోనూ ఉండవు. వాటిని చెప్పాల్సిన బాధ్యత మాది, అడగాల్సిన బాధ్యత మీది. పైపు తెగితే చెప్పండి, గుడ్డ చుట్టి మట్టి కప్పకండి. తెగిన గ్యాసు పైపు దగ్గర అయితే యంత్రం ఆపి, అందరినీ దూరంగా పంపి, వెంటనే ఆ సంస్థకు ఫోన్ చేయడం తప్ప మరో ఆలోచన ఉండకూడదు.

పక్కింటి గోడ సంగతి ఇంకా సున్నితమైనది. ఒక పునాది అడుగు అంచు నుంచి 45 డిగ్రీల ఏటవాలుగా కిందికి గీత గీస్తే, ఆ గీతకు దిగువన ఉన్న మట్టి ఆ గోడ బరువును మోస్తోందని స్థూలంగా లెక్క వేస్తారు. మన గొయ్యి ఆ గీతను దాటి లోపలికి దిగితే పక్కవారి ఇంటి కాళ్ల కింద నుంచి మనం నేలను లాగేస్తున్నట్టే. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1996 నాటి చట్టం ప్రకారం పక్క కట్టడానికి 3 మీటర్ల లోపు, దాని పునాది కంటే లోతుగా తవ్వాలంటే ముందే ఆ యజమానికి రాతపూర్వకంగా తెలియజేయాలి. మన దగ్గర చట్టం అడిగినా అడగకపోయినా, పక్కవారి గోడ మీద అప్పటికే ఉన్న పగుళ్లను వారి సమక్షంలోనే ఫొటోలు తీసి ఉంచుకుంటే మీకూ మాకూ వారికీ మేలు. గోడ పొడవునా ఒకే రోజు తవ్వేయకుండా, మీటరు మేర తవ్వి, అక్కడ కాంక్రీటు గట్టిపడ్డాక పక్క భాగానికి వెళ్లే పద్ధతి నెమ్మదైనదే, కాని అలాంటి చోట అదే సరైనది. ఆ ఆలస్యానికి తగిన డబ్బు అడగండి.

డబ్బు మాట వచ్చింది కాబట్టి, మీకూ మాకూ మధ్య ఎక్కువ తగవులు ఎక్కడ పుడుతున్నాయో చెబుతాను. పది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల లోతు గొయ్యి అంటే 120 ఘనపు మీటర్లు. తవ్వగానే మట్టి వదులై ఉబ్బుతుంది. మామూలు నేల అయితే నాలుగో వంతు, బంక నేల అయితే అంతకన్నా ఎక్కువ, పగలగొట్టిన రాయి అయితే సగానికి పైగా కూడా పెరగవచ్చు. నాలుగో వంతు అనుకున్నా టిప్పర్లలోకి ఎక్కేది 150 ఘనపు మీటర్లు. ఈ సంగతి తెలియని యజమాని గోతిని కొలుచుకుని, ట్రిప్పులు లెక్కపెట్టుకుని, మీరు మోసం చేశారని అనుకుంటాడు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. కాబట్టి కొలత గోతిలోనా టిప్పరులోనా అన్నది ముందే కాగితం మీద రాయండి. ట్రిప్పు లెక్క అయితే ఒక్కో టిప్పరు ఎన్ని ఘనపు మీటర్లు పడుతుందో, నిండుగా వెళ్తోందో లేదో చూపించండి. గంటల లెక్క అయితే పని మొదలైనప్పుడూ ముగిసినప్పుడూ యంత్రంలోని గంటల మీటరు అంకెను ఇద్దరం కలిసి రాసుకుందాం. టిప్పరు కోసం ఎదురుచూస్తూ యంత్రం ఊరికే నడిచిన సమయం ఎవరి ఖాతాలోకి వస్తుందో కూడా ముందే తేల్చుకుందాం.

గంటల లెక్కను చాలామంది యజమానులు అనుమానంగా చూస్తారు. కింద ఏముందో ఎవరికీ తెలియని నేలలో గంటల లెక్కే నిజాయితీగలదని నేను అనుకుంటున్నాను. అలాంటి చోట మొత్తం పనికి గుత్తగా ఒక ధర చెప్పమని మిమ్మల్ని ఒత్తిడి చేస్తే, రాయి తగిలిన రోజున మీరు నష్టపోవాలి లేదా పని మధ్యలో వదిలి వెళ్లాలి లేదా ఎక్కడో ఒక చోట మాకు తెలియకుండా తగ్గించాలి. పరీక్ష గొయ్యి తీసి నేల తెలిసిన చోట గుత్త ధర, రాయి తగిలితే దానిని పగలగొట్టే బ్రేకరుకు విడిగా ఘనపు మీటరుకు ఇంత అని రాసుకోవడం ఇద్దరికీ న్యాయంగా ఉంటుంది. రాయి తగిలినప్పుడు మాత్రం ఒక ఫొటో తీసి, మమ్మల్ని పిలిచి, కొలిచి, ఆ తర్వాతే బ్రేకరు పెట్టండి.

ఇక గోతిలోకి దిగే మనుషుల గురించి. దీని గురించి నేను మెత్తగా రాయలేను. ఒక ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర నుంచి రెండు టన్నుల దాకా తూగుతుంది. ఛాతీ వరకూ కూరుకుపోయిన మనిషి, తల బయటే ఉన్నా, ఊపిరి తీసుకోలేక చనిపోవచ్చు. అందుకే చాలా దేశాల నిబంధనల్లో 1.2 నుంచి 1.5 మీటర్ల లోతు దాటిన కాలువకు పక్కలను ఏటవాలుగా కోయాలని లేదా దన్నుగా పలకలు, కర్రలు బిగించాలని ఉంది. పైపు అతకడానికి అయిదు నిమిషాల పనే కదా అని నిట్టనిలువు గోడల మధ్యకు మనిషిని దించకండి, గోడ కూలడానికి అయిదు నిమిషాలు కూడా అక్కరలేదు. తీసిన మట్టిని, యంత్రాన్ని అంచు మీదే ఉంచకండి. మట్టి కుప్ప అంచుకు కనీసం 60 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఎక్కి వచ్చేందుకు నిచ్చెన ఉండాలి. వాన పడిన మరునాడు పక్కలను చూడకుండా ఎవరినీ దించకూడదు. రాత్రి గొయ్యి తెరిచి ఉంటే చుట్టూ అడ్డు కట్టండి, మా పిల్లలు, వీధి పిల్లలు అటు వస్తారు. పలకలకు, కర్రలకు, అడ్డుకు అయ్యే ఖర్చును కొటేషన్‌లో విడి పద్దుగా చూపించండి. దానిని తగ్గించమని బేరమాడే యజమాని పని ఒప్పుకోకండి.

తవ్వడంలో చూపే శ్రద్ధలో సగమైనా పూడ్చడంలో కనిపించదన్నది నా గట్టి అభిప్రాయం. పైపు వేశాక, నీరు నింపి కారుతోందో లేదో చూడకముందే యంత్రం వచ్చి మట్టినంతా ఒక్క తోపుతో కాలువలోకి నెట్టేస్తుంది. పెద్ద రాళ్లు నేరుగా పైపు మీద పడతాయి. పైన యంత్రం రెండుసార్లు నడిస్తే గట్టిగానే కనిపిస్తుంది, కింద మీటరు లోతులో గుల్లగానే ఉంటుంది, ఏడాది తిరిగేసరికి అంతటా గాడి పడి నీళ్లు నిలుస్తాయి. పైపు కింద, చుట్టూ ఇసుక గాని సన్నని మట్టి గాని వేసి, ఆపైన 15 నుంచి 20 సెంటీమీటర్ల పొరలుగా మట్టి పోస్తూ, తగినంత తడితో ఒక్కో పొరనూ దిమ్మిసతో గాని కంపాక్టరుతో గాని కొట్టుకుంటూ రావాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టి, చేతికి బురద అంటని తడి చాలు. కొత్తగా కట్టిన నేలమాళిగ గోడకు పైన శ్లాబు దన్ను రాకముందే యంత్రంతో మట్టి నెట్టితే గోడే లోపలికి ఒరిగిపోగలదు. ఇంటి చుట్టూ చదును చేసేటప్పుడు గోడ నుంచి మొదటి మూడు మీటర్లలో 15 సెంటీమీటర్ల వాలు బయటికి ఉండేలా చూడండి. పై పొర సారవంతమైన మట్టిని మొదటే విడిగా కుప్ప పోయించి, చివర్లో మళ్లీ పైన పరిపించండి, లేకపోతే ఆ పెరట్లో ఏళ్ల తరబడి గడ్డి కూడా సరిగా మొలవదు. చెట్ల వేళ్లలో ఎక్కువ భాగం పైన అరవై సెంటీమీటర్లలోనే ఉంటాయి కనుక ఉంచుకోదలచిన చెట్టు దగ్గర కాలువ దారి మార్చమని మాకు చెప్పండి.

ఈ దశలన్నింటిలోనూ మూసే ముందు ఫొటో కావాలి. టేపు గోతిలో నిలబెట్టి, లోతు అంకె కనిపించేలా తీసిన ఫొటో ఒకటి. పైపు పోయిన దారిని ఇంటి రెండు మూలల నుంచి కొలిచి రాసిన చిన్న పటం ఒకటి. ఇందుకు అరగంట కూడా పట్టదు. పదేళ్ల తర్వాత అదే స్థలంలో మళ్లీ తవ్వేది మీలోనే ఒకరు, ఆ పటం మొదట కాపాడేది ఆ ఆపరేటరునే.

మా వైపు లోపాలు లేవని చెప్పను. హద్దు రాళ్లు చూపించకుండా తవ్వమంటాం. సగం పని అయ్యాక సంపు చోటు మారుస్తాం. ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకుని, వారు ఏయే పనులు కలిపారో చదవకుండా చివరి అంకె మాత్రమే చూసి అందరికన్నా తక్కువ చెప్పినవారిని పిలుస్తాం. మట్టి తోలడం, పూడ్చడం, కొట్టడం కలిపి రాసిన నిజాయితీపరుడు ఆ వరుసలో ఎప్పుడూ ఖరీదైనవాడిగానే కనిపిస్తాడు. నా మొదటి పనిలో నేను అలాంటి ఒకరిని కాదని పంపేశాను. ఆయన ఇచ్చిన కాగితంలో ‘పునాది అడుగు యజమానికి చూపిన తర్వాతే కాంక్రీటు’ అని ఒక వాక్యం ఉండేది. అప్పుడు దాని విలువ నాకు తెలియలేదు.

ఇప్పుడు మా ఇంటి వెనుక వాన నీటి కోసం రెండున్నర మీటర్ల లోతు తొట్టి కట్టించాలనుకుంటున్నాను. ఒక పక్కన పొరుగువారి గోడ నాలుగు మీటర్ల దూరంలో ఉంది, మరో పక్క నుంచి మా పాత మురుగు పైపు పోతోంది. దాని దారి నాకు ఉజ్జాయింపుగానే తెలుసు. హద్దులు గుర్తించి, యంత్రం దారి ఖాళీ చేసి ఉంచాను. పని మీద ఆసక్తి ఉన్నవారు ముందు ఒక రోజు వచ్చి పరీక్ష గొయ్యి తీయండి, పని మీకు దక్కినా దక్కకపోయినా ఆ రోజు యంత్రం బాడుగ, మనుషుల కూలి నేను చెల్లిస్తాను. కొటేషన్‌లో పక్కలకు దన్ను ఎలా కడతారో, మురుగు పైపును ఎలా వెతుకుతారో, మట్టిని ఎక్కడ కొలుస్తారో, ఎన్ని సెంటీమీటర్ల పొరలుగా పూడుస్తారో రాయండి. గొయ్యి అడుగు సిద్ధమైన రోజున ఏ వేళకు పిలిచినా నేను వచ్చి చూస్తాను, చూసిన తర్వాత ఆ కాగితం మీద సంతకం చేస్తాను.

ఇట్లు,
ఒక ఇంటి యజమాని